కళ్ళు మూసుకున్న కనువిప్పు

ఆ పటంలో ముందుగా కంటబడేది గుర్రం. దేవుడు కాదు, దేవదూత కాదు, ఎవరి పేరుమీద ఆ పటం వెలసిందో ఆ పౌలు కూడా కాదు. గోధుమరంగు ఒంటిమీద తెల్లటి మచ్చలున్న బరువైన గుర్రం, ఏడున్నర అడుగుల ఎత్తు పటంలో సగానికి పైగా తానే నిండి నిలబడి ఉంటుంది. వెలుగంతా దాని భుజంమీద, డొక్కమీద పడుతుంది. కాసేపటికి గాని మన చూపు కిందికి దిగదు. దిగాక కనిపిస్తాడు మనిషి. వెల్లకిలా పడిపోయి ఉన్నాడు. తల మనవైపు, కాళ్ళు అటువైపు. రెండు చేతులూ పైకి బార్లా చాచి ఉన్నాడు. కళ్ళు మాత్రం మూసుకునే ఉన్నాయి.

రోమ్ నగరపు ఉత్తర ద్వారాన్ని ఆనుకుని సాంతా మారియా దెల్ పోపొలో అనే చర్చి ఉంది. ప్రధాన వేదికకు ఎడమపక్కన ఇరుకు గదిలాంటి ప్రార్థనాస్థలం, చెరాసి చాపెల్ అంటారు. అందులో కుడి గోడమీద ఉంది ఈ పటం. ఎదురుగా నిలబడి చూసే వీలు లేదు. బయటినుంచి మెడ తిప్పి ఏటవాలుగా చూడాలి. లోపల మసకచీకటి. అక్కడున్న పెట్టెలో నాణెం వేస్తే దీపం వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. నేను వెళ్ళిన రోజు ఎవరో ముందే నాణెం వేసి ఉన్నారు. నేను గుర్రాన్ని చూస్తుండగానే దీపం ఆరిపోయింది.

కథ నాకు కొత్త కాదు. గుంటూరు జిల్లాలో మా పక్కిల్లు పాస్టరుగారిది. మేం క్రైస్తవులం కాకపోయినా సాయంత్రాలు వాళ్ళ అరుగుమీద పిల్లలందరం చేరేవాళ్ళం. పాస్టరమ్మగారు బియ్యంలో రాళ్ళు ఏరుతూ కథలు చెప్పేవారు. తర్వాత పౌలు అయిన సౌలు అనేవాడు తార్సులో పుట్టాడు, డేరాలు కుట్టే పని తెలిసినవాడు. యేసును నమ్మినవాళ్ళంటే అతనికి ఒళ్ళుమంట. స్తెఫను అనే భక్తుణ్ణి జనం రాళ్ళతో కొట్టి చంపుతుంటే, కొట్టేవాళ్ళు తమ పైబట్టలు విప్పి ఈ సౌలు కాళ్ళదగ్గరే పెట్టారట. తను రాయి విసరలేదు, బట్టలకి కాపలా ఉన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు పాస్టరమ్మగారు చేట దించి మావైపు చూసేవారు. తర్వాత దమస్కులో ఉన్న విశ్వాసులను కట్టి తీసుకురావడానికి ప్రధాన యాజకుడి దగ్గర ఉత్తరాలు పుచ్చుకుని బయల్దేరాడు. ఊరు దగ్గరపడుతుండగా ఆకాశంనుంచి వెలుగు. నేలమీద పడ్డాడు. నన్నెందుకు హింసిస్తున్నావని అడిగిందొక స్వరం. లేచి కళ్ళు తెరిస్తే ఏమీ కనబడలేదు. మూడు రోజులు చూపు లేదు, తిండి లేదు, నీళ్ళు లేవు.

వాళ్ళ గోడమీద ఆ ఘట్టమే ముద్రించిన క్యాలెండర్ ఉండేది. మేఘాల్లో యేసు, బంగారు కిరణాలు, బెదిరి ముందుకాళ్ళెత్తిన తెల్లగుర్రం, చెల్లాచెదురైన సైనికులు. ఆ కథకు నా మనసులో అదే రూపం స్థిరపడిపోయింది. అందుకేనేమో రోమ్‌లో ఆ మసకవెలుతురులో నాకు మొదట నిరాశ కలిగింది. మేఘాలు లేవు. కిరణాలు లేవు. గుర్రం బెదరలేదు కూడా, తలవంచుకుని నిలబడి ఉంది.

ఈ పటం గీసినవాడు మైకెలాంజెలో మెరీసి. కుటుంబం కారవాజ్జో అనే ఊరిది కాబట్టి లోకం అతన్ని ఆ ఊరి పేరుతోనే పిలుస్తుంది. 1571లో పుట్టాడు. ఆరేళ్ళప్పుడు ప్లేగు తండ్రిని మింగేసింది. ఇరవై ఏళ్ళు దాటాక రోమ్ చేరి, కూడుకి గతిలేని రోజులు చూసి, 1600 నాటికి ఆ నగరంలో అందరి నోటా నానే చిత్రకారుడయ్యాడు. వెలుగునీ చీకటినీ ఎదురెదురుగా నిలబెట్టి, వాటిమధ్య మనిషిని పట్టుకునే పద్ధతి అతనిది. తర్వాత వందేళ్ళపాటు యూరప్‌లో సాగిన బరోక్ చిత్రకళకు దారి వేసినవాళ్ళలో ముందు చెప్పాల్సిన పేరు. వీధుల్లో కనబడే మనుషుల్నే తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టుకుని సెయింట్లను గీసేవాడు.

1600 సెప్టెంబరులో పోపు ఎనిమిదో క్లెమెంట్ ఖజానా చూసే తిబేరియో చెరాసి అతనితో ఒప్పందం రాసుకున్నాడు. సైప్రస్ చెక్క పలకలమీద రెండు బొమ్మలు, ఒకటి పౌలు పరివర్తన, రెండోది పేతురు సిలువ మరణం. ఎనిమిది నెలల గడువు, 400 స్కూడీ నాణేలు. వేదికమీది బొమ్మ మాత్రం అన్నీబాలే కరాచ్చి అనే మరో చిత్రకారుడికి అప్పగించాడు. 1601 మే నెలలో చెరాసి పోయాడు. తన చాపెల్‌లో పటాలు పెట్టడం అతను చూడలేదు. చివరికి చిత్రకారుడి చేతికి అందింది 300 స్కూడీలే.

ఆ సంవత్సరం గురించి ఇంకొకటి చెప్పకుండా ముందుకు సాగలేను. 1600 రోమ్‌కి పుణ్యసంవత్సరం, జూబిలీ. యాత్రికులు ఎక్కడెక్కడినుంచో నడిచి వచ్చారు. అదే సంవత్సరం ఫిబ్రవరి 17న అదే నగరంలో, కంపో దె ఫియోరి అనే సంతమైదానంలో, తత్త్వవేత్త జొర్దానో బ్రూనోను మతద్రోహి అని బతికుండగానే తగలబెట్టారు. ఆలోచనకి మనిషిని కాల్చిన ఊళ్ళోనే, అదే ఏడు, ఆలోచనకి మనుషుల్ని కట్టి తెచ్చే ఒకడు నేలమీద పడే బొమ్మకి బేరం కుదిరింది. కారవాజ్జో ఆ మంట చూశాడని నేననను. కానీ ఆ పటం ముందు నిలబడినప్పుడు నాకు బ్రూనో గుర్తుకు రాకుండా ఉండడు.

ఒప్పందం ప్రకారం చెక్కమీద గీసిన మొదటి పటం ఇప్పటికీ ఉంది, రోమ్‌లోనే ఒడెస్కాల్కి కుటుంబపు సేకరణలో. అచ్చులో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అది దాదాపు మా పక్కింటి క్యాలెండరే. పైనుంచి యేసు వంగి చేయి చాస్తున్నాడు, దేవదూత ఆయన్ని పట్టుకుని ఉన్నాడు, గుర్రం బెదిరింది, ముసలి సైనికుడు ఈటె పట్టుకుని అయోమయంగా నిలబడ్డాడు. గడ్డపు సౌలు రెండు చేతులతో కళ్ళు కప్పుకున్నాడు. చెక్కమీది ఆ రెండు పటాలూ గీయించినవాళ్ళకి నచ్చలేదని, ఒక కార్డినల్ వాటిని తీసుకున్నాడని కారవాజ్జో సమకాలికుడు బాలియోనె రాశాడు. నిజంగా తిప్పిపంపారా, చిత్రకారుడే మనసు మార్చుకున్నాడా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. కారణం ఏదైతేనేం, అతను మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి కాన్వాసుమీద.

రెండోసారి అతను చేసిన పనంతా తీసివేయడమే. యేసును తీసేశాడు. దేవదూతను తీసేశాడు. ఆకాశం తీసేశాడు, చెట్లు తీసేశాడు, సైనికుణ్ణి తీసేశాడు. మిగిలింది ఒక గుర్రం, కళ్ళెం పట్టుకున్న ఒక ముసలి కాపరి, కిందపడ్డ ఒక పడుచువాడు. వెనక నల్లటి చీకటి. అంతకు అరవై ఏళ్ళ ముందు ఇదే ఘట్టాన్ని పెద్ద మైకెలాంజెలో వాటికన్‌లో పోపుగారి సొంత ప్రార్థనాస్థలం గోడమీద గీశాడు. అక్కడ ఆకాశం నిండా దేవగణం, నేలనిండా పరుగులు తీసే జనం. ఆ పేరే పెట్టుకున్న ఈ చిన్న మైకెలాంజెలో ఊరేగింపు మొత్తాన్ని గుర్రపుశాలలోకి తెచ్చేశాడు. 1672లో బెల్లోరి అనే రచయిత ఈ పటంలో కథ ఉంది గాని కదలిక లేదని తప్పుపట్టాడు. ఆయన చూసింది నిజమే. తప్పు అనడమే నేను ఒప్పుకోను.

కదలికంతా చేతుల్లో ఉంది. మొదటి పటంలో చేతులు కళ్ళను కప్పాయి, వెలుగును అడ్డుకున్నాయి. రెండో పటంలో అవే చేతులు విప్పారి వెలుగుకి ఎదురువెళ్ళాయి. మరి కళ్ళెందుకు మూసి ఉంచాడు?

మనకి కనువిప్పు అనే మాట ఉంది. తప్పు తెలిసొచ్చినవాడికి కళ్ళు తెరుచుకున్నాయంటాం. మదంతో ఉన్నవాడికి కళ్ళు నెత్తికెక్కాయంటాం, పొరలు కమ్మాయంటాం. శుక్లం వచ్చిన మా అమ్మమ్మ కూడా కంటికి పొరొచ్చిందనే చెప్పేది. తెలుగు బైబిల్లో కూడా సౌలు కళ్ళనుంచి రాలిపడినవి పొరల వంటివే. అంటే తెలుసుకోవడమంటే కళ్ళు తెరవడమని మన నాలుక మనకి నేర్పింది. కారవాజ్జో పటం దానికి ముందు మెట్టు చూపిస్తుంది. ఇన్నాళ్ళూ స్పష్టంగా కనబడుతున్నదనుకున్నది ఇక కనబడకుండా పోవాలి. సౌలుకి అంతవరకూ అన్నీ స్పష్టమే. ఎవరిది తప్పో తెలుసు, ఎవర్ని కట్టాలో తెలుసు, చేతిలో ఉత్తరాలున్నాయి. అంత స్పష్టంగా చూసేవాడికి కొత్తగా చూపించడానికి ఏముంటుంది? ముందు ఆ చూపు పోవాలి. నేలమీద పడ్డవాడి ముఖంలో భయం లేదు, నొప్పి లేదు. నిద్రలో ఎవరో పిలిస్తే వింటున్నవాడిలా ఉన్నాడు. కత్తి పక్కన పడి ఉంది. శిరస్త్రాణం దొర్లిపోయింది. ఒంటికింద ఎర్రటి పైబట్ట పరుచుకుని ఉంది. ఆ ఎరుపు చూసినప్పుడు నాకు పాస్టరమ్మగారు చేట దించి చెప్పిన పైబట్టలు గుర్తొచ్చాయి. ఒకనాడు హంతకుల బట్టలకి కాపలా కాసినవాడు ఈనాడు తన బట్టమీదే పడి ఉన్నాడు.

నిజానికి బైబిల్లో ఈ కథలో గుర్రమే లేదు. అపొస్తలుల కార్యములలో ఈ సంగతి మూడుచోట్ల వస్తుంది, ఒక్కచోటా గుర్రం మాట లేదు. గర్వాన్ని గుర్రంమీంచి పడే రౌతుగా చూపించడం యూరప్‌లో పాత అలవాటు, ఆ దారిన వచ్చి చేరింది. కారవాజ్జో మాత్రం దాన్ని గర్వానికి గుర్తుగా వాడుకోలేదు. దగ్గరగా చూడండి, దాని ముందరి గిట్ట ఒకటి గాలిలో ఉంది. కింద మనిషి ఉన్నాడు, తొక్కకూడదని ఎత్తి పట్టుకుంది. లోకంలో ఇంత పెద్ద సంగతి జరుగుతుంటే ఆ నోరులేని జీవం తెలిసి చేస్తున్న పని అదొక్కటే, కిందపడ్డవాణ్ణి తొక్కకపోవడం. కాపరి అటు చూడను కూడా చూడడు. బట్టతల, నుదుటిమీద ముడతలు, మోకాళ్ళకింద ఉబ్బిన నరాలు. అతని ధ్యాసంతా గుర్రంమీద, దాన్ని పక్కకి మళ్ళించడంమీద. వెలుగు అతని నుదుటిని కూడా తాకింది. అతనికది ఎండ.

ఆ కాపరిని చూసినప్పుడే నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు. పటంలో ఎవరి స్థానం ఎవరిదో అప్పుడు తెలిసింది. పడ్డది ఆయన. కాపరిని నేను.

నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. బెత్తం లేకుండా తరగతికి వెళ్ళినట్టు నాకు గుర్తు లేదు. ఇంట్లో నడవాలో మేకుకి వేలాడేది అది. కొట్టడం ఆయనకి కోపం కాదు, నమ్మకం. దెబ్బ పడితేగాని బుర్రకెక్కదని మనస్ఫూర్తిగా నమ్మారు. నేను ఎనిమిదో తరగతిలో ఆయన దగ్గరే చదివాను. ఒకరోజు మూడో వరుసలో కూర్చునే ఒక కుర్రాడు లెక్కలు చేసుకు రాలేదు. అరచేతులు చాపమన్నారు. రెండో దెబ్బకే వాడు చెయ్యి వెనక్కి లాక్కుని, నోరు తెరిచి, శబ్దం రాకుండా ఏడ్చాడు. వారంనుంచి వాడు అమ్మతో మిరపకోతలకి వెళ్తున్నాడు. కోతలకి వెళ్ళిన చేతులు ఎలా మండుతాయో మా ఊళ్ళో చెప్పాల్సిన పనిలేదు, రాత్రుళ్ళు మజ్జిగలో ముంచి పడుకుంటారు. ఆ సంగతి అప్పుడు నాన్నగారికి తెలుసో తెలీదో నాకు తెలీదు. ఎవరైనా చెప్పారో లేదో కూడా తెలీదు.

ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, కుర్చీ వేసుకుని ఎక్కి, బెత్తాన్ని అటకమీద పాత చాటలవెనక పెట్టారు. దిగి కాళ్ళు కడుక్కున్నారు. అమ్మ కాఫీ ఇచ్చింది. నేను హోంవర్క్ చేసుకుంటున్నాను. అంతే. మేం చూసింది ఒక మనిషి కుర్చీ ఎక్కి దిగడం. లోపల ఆయన ఎక్కడినుంచి ఎక్కడికి పడ్డారో, ఆ మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో ఒక్కరే కూర్చుని ఏం విన్నారో, అరగజం దూరంలో ఉన్న మాకెవరికీ తెలియలేదు. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు బతికారు, ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు.

మరచిపోలేనిది మర్నాడు జరిగింది. ఆయన పేరు పెట్టి పిలవగానే ఒక కుర్రాడు లేచొచ్చి, ఏమీ అనకముందే, అలవాటుగా అరచేయి చాపాడు. నాన్నగారు కాసేపు ఆ చేతిని చూస్తూ ఉండిపోయారు. తర్వాత అందులో సుద్దముక్క పెట్టి బోర్డువైపు చూపించారు. ఆ చేతులు చాపడం మానడానికి పిల్లలకి చాలా నెలలు పట్టింది. బెత్తం ఇంకెక్కడో దాచారని కొందరు, ఇన్‌స్పెక్షన్ అయ్యాక మళ్ళీ తీస్తారని కొందరు. మారినవాడు ఒక్క సాయంత్రంలో మారిపోయాడు. అది నమ్మాల్సినవాళ్ళకి ఒక సాయంత్రం ఎలా సరిపోతుంది?

అందుకే సౌలు కథలో వెలుగుకంటే నాకు అననీయ ఎక్కువ. దమస్కులో తిన్ననిది అనే వీధిలో ఒక ఇంట్లో సౌలు గుడ్డివాడై కూర్చున్నాడని, వెళ్ళి చేతులుంచమని ఆ విశ్వాసికి ఆజ్ఞ అయింది. అననీయ మొదట వెనకాడాడు. ఆ మనిషి ఎలాంటివాడో ఊరంతా చెప్పుకుంటున్నారు, పట్టుకోవడానికి వచ్చింది తనలాంటివాళ్ళనే. అయినా వెళ్ళాడు. వెళ్ళి, తనని కట్టడానికి వచ్చినవాణ్ణి సహోదరుడా అని పిలిచాడు. పొరలు రాలింది అప్పుడు, దారిలో వెలుగు పడ్డప్పుడు కాదు. చిత్రకారులు వందలమంది వెలుగునే గీశారు. అరుగుమీద పాస్టరమ్మగారు మాత్రం ఆ పిలుపు దగ్గర గొంతు తగ్గించి, రెండుసార్లు చెప్పేవారు.

మా ఇంటికి అననీయగా వచ్చింది మూడో వరుస కుర్రాడే. దసరా సెలవుల తర్వాత ఒక సాయంత్రం పుస్తకం పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. మాస్టారూ, ఈ లెక్క అర్థం కాలేదండీ అన్నాడు. నాన్నగారు వాణ్ణి తన పక్కన కూర్చోబెట్టుకుని చీకటిపడేదాకా చెప్పారు. నేను దీపం తెచ్చి మధ్యలో పెట్టాను.

ఇలాంటి మార్పుకి మన దగ్గర రెండు మాటలున్నాయి. మతమార్పిడి అన్నది వార్తల్లో వినబడేది, వినగానే ఎవరి పక్షాన వాళ్ళు సర్దుకుని కూర్చుంటారు. మారుమనస్సు అన్నది తెలుగు బైబిల్ చదివేవాళ్ళ మాట. కారవాజ్జో గీసింది రెండోదాన్ని. సౌలు దారిలో పడినప్పటికి క్రైస్తవులు అనే పేరే పుట్టలేదు, ఆ పేరు తర్వాత అంతియొకయలో వచ్చింది. సౌలుని పౌలు అని చెప్పడం మొదలయ్యేది ఇంకో నాలుగు అధ్యాయాల తర్వాత. మనసు మారాక ఎన్నాళ్ళకో గాని పేర్లు వచ్చి చేరలేదు. ఆ పటంలో ఏ మతానికీ గుర్తు లేదు, ఒక్క సిలువ కూడా లేదు. కొందరు దాన్ని లోపమంటారు. ఆ పటానికున్న బలమే అదని నేను నమ్ముతాను.

కారవాజ్జో సంగతీ చెప్పాలి. ఈ పటాలు చాపెల్‌లోకి చేరింది 1605 మే నెలలో. మరుసటి ఏడు మే నెలలోనే అతను రోమ్‌లో ఒక గొడవలో మనిషిని చంపాడు. మరణశిక్ష పడింది. నేపుల్స్, మాల్టా, సిసిలీ అంటూ నాలుగేళ్ళు పారిపోతూ, పారిపోతూనే గొప్ప పటాలు గీస్తూ, 1610 జులైలో ముప్ఫై ఎనిమిదేళ్ళకి క్షమాపణ ఆశతో రోమ్‌కి తిరిగొచ్చే దారిలో పోయాడు. ఇంత లోతుగా పరివర్తనని గీసినవాడు తను మారలేదేమని చాలామంది అడుగుతారు. నాకు ఆ ప్రశ్న అన్యాయంగా తోస్తుంది. అతనికి అననీయ దొరకలేదు.

నాన్నగారు పోయాక ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు అటకమీద బెత్తం దొరికింది, పాత చాటలవెనకే. చెదలు పట్టి చేతిలోకి తీసుకోగానే విరిగిపోయింది.

మీరెప్పుడైనా రోమ్ వెళ్తే పోపొలో చౌక్‌లోని ఆ చర్చికి వెళ్ళండి. చిల్లర నాణేలు జేబులో కాస్త ఎక్కువే ఉంచుకోండి. మొదటిది గుర్రాన్ని చూడటానికే అయిపోతుంది. రెండోది మనిషికి. మూడోది వేసినప్పుడు ఆ ఎత్తిన గిట్టను చూడండి.